క్రియాటిన్ వాడాను, కిడ్నీ డాక్టరు దాకా వెళ్లొచ్చాను: నా అనుభవం

నాకు 44 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. 2025 జూన్ చివరి నుంచి అక్టోబరు మధ్య వరకు, బరువులెత్తేవాళ్లు కండరాల బలం కోసం వాడే క్రియాటిన్ పొడి రోజూ తీసుకున్నాను. ఒక రక్తపరీక్ష రిపోర్టు చూసి మానేశాను. ఆ తర్వాత ఆసుపత్రికీ బీమా కంపెనీకీ మధ్య నలిగి, డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టాను. దీనితో కండ పెరుగుతుందా పెరగదా అని వాదించేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. వాడుతున్న మనిషి రిపోర్టులో అంకె తేడాగా వస్తే ఇంట్లో ఏం జరుగుతుందో, ఎన్నాళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో చెప్పేవాళ్లు మాత్రం నాకు దొరకలేదు.

జిమ్‌లో చేరడానికి కారణం మోకాళ్లు. మా డిపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. చూపించుకుంటే ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, కీళ్లు బాగానే ఉన్నాయి, తొడ కండరాలే బలహీనంగా ఉన్నాయి, నడక చాలదు, బరువులు ఎత్తండి అన్నారు. ఫిబ్రవరిలో లక్ష్మీపురంలో మూడు నెలలకు 4,500 కట్టి, తెల్లవారుజామున అయిదున్నర బ్యాచ్‌లో చేరాను. ఆ వేళకు వచ్చే ఆడవాళ్లం ముగ్గురమో నలుగురమో. గోడ మీద మన స్టూవర్టుపురం వెయిట్‌లిఫ్టర్ రాగాల వెంకట రాహుల్ ఫొటో ఉంటుంది. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు. కోచ్ గారు కొత్తగా చేరినవాళ్లందరినీ ఒకసారి ఆ ఫొటో ముందు నిలబెట్టి ఆ సంగతి చెబుతారు. నాకూ చెప్పారు. నేను ఆ రోజు ఎత్తింది ఖాళీ రాడ్డు.

మే నాటికి డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది రాడ్డును నిలబడి పైకెత్తడం, 45 కిలోలకు వచ్చింది. అక్కడే ఆగిపోయింది. అయిదుసార్లు ఎత్తేదాన్ని, ఆరోసారి రాడ్డు నేలను వదిలేది కాదు. కోచ్ గారు ముందు క్రియాటిన్ పేరు ఎత్తలేదు. మూడు రోజులు తిన్నదంతా రాసుకురమ్మన్నారు. రాస్తే రోజుకు ప్రొటీను నలభై గ్రాములు కూడా లేదు. ఇడ్లీ, అన్నం, పప్పు, చారు, మజ్జిగ. పప్పులో ప్రొటీను ఉంటుంది కానీ మనం తినేది పప్పు తక్కువ, అన్నం ఎక్కువ. నా 58 కిలోల బరువుకు తొంభై దాకా ఉండాలన్నారు. ఉదయం పెసరట్లు, కాలేజీకి ఉడికించిన శనగలు, రాత్రికి పనీరో మీల్ మేకరో. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే అని నాకు అప్పటిదాకా తెలియదు. ఎంత తంటాలు పడ్డా ఎనభై దాటలేదు. ఈ మార్పుకు నెల పట్టింది, కడుపుబ్బరం తగ్గడానికి ఇంకో రెండు వారాలు. ఇదంతా ముందే రాయడానికి కారణం ఉంది: తర్వాత వచ్చిన ఫలితంలో ఈ తిండి వాటా ఎంతో, పొడి వాటా ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

జూన్‌లో ఆయనే అన్నారు: "మీరు శాకాహారులు కదా మేడమ్, క్రియాటిన్ మీకు కాస్త ఎక్కువే పనిచేయొచ్చు." మన శరీరం దీన్ని కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ కొంత తయారు చేసుకుంటుంది, మిగతాది మాంసం, చేపల నుంచి వస్తుంది. పాలు పెరుగుల్లో ఉండేది చాలా తక్కువ. అందువల్ల శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువగా ఉంటుంది.

జూన్ 21 శనివారం బ్రాడీపేటలో ఒక సప్లిమెంట్ల కొట్టుకు వెళ్లాను. కొట్లో కుర్రాడు "బాబు కోసమా మేడమ్?" అన్నాడు. నా కోసమే అంటే ఒక్క క్షణం ఆగి, బరువు తగ్గించే గ్రీన్ టీ చూపించాడు. క్రియాటిన్ అని మళ్లీ చెబితే అయిదారు రకాలు బల్ల మీద పెట్టాడు. హైడ్రోక్లోరైడ్ అట, ఇంకేదో ఎస్టర్ అట, పుచ్చకాయ రుచి అట. దశాబ్దాలుగా పరిశోధన జరిగింది క్రియాటిన్ మోనోహైడ్రేట్ అనే మామూలు రకం మీద. మిగిలినవి దానికంటే మేలని తేలలేదు, ధర మాత్రం రెట్టింపు. విదేశీ సరుకు, మన దగ్గరే ప్యాక్ చేశాం అంటూ, లేబుల్ సరిగా లేని డబ్బా ఒకటి నాలుగు వందలకే ఇస్తానన్నాడు. దాని మీద ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల లైసెన్సు నంబరు లేదు. నంబరు ఉన్న డబ్బా, రుచి కలపనిది, 250 గ్రాములు 750 రూపాయలకు తీసుకున్నాను. రోజుకు అయిదు గ్రాముల లెక్కన పదిహేను రూపాయలు. మా క్యాంటీన్‌లో టీ పదిహేనే.

ఇంట్లో మొదటి ప్రశ్న వస్తుందని తెలిసి ముందే చూసుకున్నాను. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉంది. అమ్మే క్రియాటిన్‌ను సార్కోసిన్, సయనమైడ్ అనే పదార్థాల నుంచి కర్మాగారంలో తయారు చేస్తారు, మాంసం నుంచి తీయరు. అదే మా అత్తయ్యగారికి చెప్పాను. "మాంసంలోది కాదంటావు, రసాయనం అంటావు. ఇందులో ఏది మేలమ్మాయ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా వారు పేపరులోంచి తల ఎత్తలేదు.

కొలత చెంచా పొడి అడుగున ఉంటుంది. మోచేయి దాకా తెల్లబడితే గానీ దొరకదు. చల్లటి నీళ్లలో పొడి కరగదు, గ్లాసు అడుగున ఇసుకలా మిగిలి పళ్ల మధ్య కరకరలాడుతుంది. గోరువెచ్చని నీళ్లలో కలిపితే నయం. రుచి దాదాపు ఏమీ ఉండదు. కలిపి రోజుల తరబడి నిలవ పెట్టడం పనికిరాదు, నీళ్లలో ఉన్నకొద్దీ విరిగిపోతుంది. జిమ్‌లో కుర్రాళ్లు మొదటి వారం రోజుకు ఇరవై గ్రాములు నాలుగు విడతలుగా వేసుకుంటారు, దాన్ని లోడింగ్ అంటారు. ఒకడు ఆ వారమంతా బరువుల దగ్గర కంటే బాత్‌రూము దగ్గరే ఎక్కువ కనిపించాడు. రోజుకు మూడు గ్రాములు తీసుకున్నా నాలుగు వారాల్లో కండరాలు అంతే నిండుతాయని 1996లోనే తేలింది. నాకు ఏ పోటీలూ లేవు. రోజుకు అయిదు గ్రాములతో, తొందర లేకుండా మొదలుపెట్టాను.

జూలై మొదటి వారంలో బరువు కిలోకు పైగా పెరిగింది. జిమ్‌లో రెండు లోహపు పిడులు పట్టుకుని నిలబడితే కొవ్వెంతో కండ ఎంతో ముద్రించి ఇచ్చే యంత్రం ఉంది. అది ఆ కిలోనంతటినీ కండ ఖాతాలో జమ చేసింది. పది రోజుల్లో కిలో కండ ఎవరికీ రాదు. క్రియాటిన్ కండరంలోకి వెళ్తూ నీటిని వెంట తీసుకెళ్తుంది. యంత్రం కొలిచేది ఆ నీటినే. ఆ కాగితం ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. పెరిగిన కిలో చూసి భయపడి మానేసిన ఆడవాళ్లనూ చూశాను, అదీ అనవసరం. ముఖం ఉబ్బడం, కాళ్ల వాపు లాంటివి నాకు రాలేదు. దాహం పెరిగిందేమో అనిపించింది కానీ అది గుంటూరు జూలై, క్రియాటిన్‌ను నిందించలేను.

అసలు తేడా జూలై చివరికి తెలిసింది. పనిచేసే తీరు కామర్స్ మనిషిగా నాకు ఇలా అర్థమైంది: కండరం ఖర్చు పెట్టే చేతి నగదు ఏటీపీ అనే శక్తి పదార్థం. బరువు ఎత్తిన కొన్ని క్షణాలకే అది అయిపోతుంది. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్, అంటే కండరంలో క్రియాటిన్ నిల్వ ఉండే రూపం, పక్కింటి చేబదులులా ఆదుకుంటుంది. నిల్వ ఎక్కువ ఉంటే ఆ చేబదులు ఇంకొన్ని క్షణాలు దొరుకుతుంది. ఆచరణలో జరిగింది కూడా అంతే. 45 కిలోల దగ్గర మొరాయించిన ఆరోసారి లేచింది, ఆ తర్వాత ఏడోసారి. ఆగకుండా ఎత్తే ఒక విడతను సెట్టు అంటారు, సెట్టుకూ సెట్టుకూ మధ్య ఆయాసం త్వరగా తగ్గేది. సెప్టెంబరు సగానికి 52.5 కిలోలు అయిదుసార్లు ఎత్తాను. మూడో అంతస్తు మెట్లలో మాత్రం పొడి వల్ల ఏ మార్పూ రాలేదు. అది ఏప్రిల్‌లోనే సులువైంది.

చూపులకు మారానా అంటే, దసరాకు పాత జాకెట్లు తీస్తే చేతులు బిగిశాయి. అరండల్‌పేటలో మా టైలరు ఒక్కో జాకెట్టు వదులు చేయడానికి నలభై తీసుకుని, "కొంచెం ఒళ్లు చేశారమ్మా" అన్నాడు. నడుము దగ్గర మాత్రం బిగించమంటే అతను నమ్మలేదు. అది కండో, నీరో, మీల్ మేకరో! ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. 54 మందిలో సగం మందికి రోజుకు అయిదు గ్రాములు ఇచ్చారు. వ్యాయామం మొదలుకాక ముందే మొదటి వారంలో వాళ్లకు కొవ్వు కాని బరువు అర కిలో అదనంగా వచ్చింది, పన్నెండు వారాల బరువుల శిక్షణ తర్వాత చూస్తే పొడి తీసుకున్నవాళ్లూ తీసుకోనివాళ్లూ సగటున రెండేసి కిలోలు, ఒకే మోతాదులో పెరిగారు. అంతకుముందు వచ్చిన అనేక అధ్యయనాలు కలిపి చూస్తే శిక్షణతో పాటు వాడినవారికి కాస్త మొగ్గు కనిపిస్తుంది. నా ఒంటి మీద నేను చూసింది ఈ రెంటికీ సరిపోతుంది: సెట్టుకు ఒకటి రెండుసార్లు ఎక్కువ ఎత్తనిస్తుంది. ఆ ఎక్కువ ఎత్తడాన్ని నెలల తరబడి వాడుకుంటే ఏదో మిగులుతుంది, వాడుకోకపోతే నీళ్లే.

దీనితో జుట్టు ఊడుతుందా అన్న సంగతి కూడా చెప్పాలి, స్టాఫ్ రూములో నన్ను ఎక్కువమంది అడిగింది అదే. 2009లో దక్షిణాఫ్రికా రగ్బీ ఆటగాళ్ల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, జుట్టు రాలడంతో ముడిపెట్టే డీహెచ్‌టీ అనే హార్మోను పెరిగిందని రాశారు. అందులో జుట్టు ఎంత ఊడిందో ఎవరూ కొలవలేదు. నాకు ముందు ఎంత ఊడేదో ఇప్పుడూ అంతే ఊడుతోంది. ఎందుకో మాకు నీళ్లు తెచ్చే ట్యాంకరును అడగాలి.

ఇక అక్టోబరు. మాకు కాలేజీ ఇచ్చే ఆరోగ్య బీమా మూడు లక్షలది. దాని మీద ఇంకో పాలసీ తీసుకుందామని దరఖాస్తు పెడితే పరీక్షలు తప్పనిసరి అన్నారు. అక్టోబరు 14 మంగళవారం ఉదయం ఏడింటికి ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాడు. ముందు రోజు సోమవారం నేను కాళ్ల వ్యాయామం చేసే రోజు. రాత్రి ఏడు నుంచి ఏమీ తినలేదు, పరగడుపు పరీక్ష కదా అని నీళ్లు కూడా తాగలేదు. దరఖాస్తులో మందులు ఏమైనా వాడుతున్నారా అన్న ప్రశ్న ఉంది, పొడుల గురించి ఏ గడీ లేదు.

గురువారం సాయంత్రం క్లాసులో ఉండగా రిపోర్టు ఫోనుకు వచ్చింది. క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు రక్తంలోంచి బయటికి పంపే వ్యర్థం, 1.18 ఉంది, ఆడవాళ్లకు వాళ్లు వేసిన పరిమితి 1.1. అది ఒక్కటే అయితే పట్టించుకునేదాన్ని కాదేమో. కింద ఈజీఎఫ్‌ఆర్ 58 అని ఎర్ర అక్షరాల్లో ఉంది, అరవైకి తగ్గితే మూత్రపిండాల పనితీరు తగ్గినట్టు అని పక్కనే వివరణ.

మా మామగారు చివరి రెండేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు తీసుకెళ్లి తీసుకొచ్చింది మా వారే. అందుకని మా ఇంట్లో క్రియాటినిన్ అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మా వారు రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు. కోపం వస్తే నేను తట్టుకునేదాన్ని, ఆయన ఏమీ అనలేదు. అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్లి స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. డబ్బా అటక మీదకు వెళ్లిపోయింది. డెబ్బై రెండేళ్ల మనిషి స్టూలు ఎక్కారని అప్పుడు మా వారికి కోపం వచ్చింది, ఇద్దరి మీదా.

ఆ రాత్రి నేను చదివింది చాలా. ఈజీఎఫ్‌ఆర్ అనేది నేరుగా కొలిచిన అంకె కాదు. క్రియాటినిన్, వయసు, స్త్రీయా పురుషుడా అన్నవాటిని ఒక సూత్రంలో వేసి కట్టిన అంచనా. కండరాల్లోని క్రియాటిన్‌లో ప్రతిరోజూ నూటికి దాదాపు 1.7 వంతు తనంతట తానే క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. నిల్వ పెంచుకుంటే ఆ వ్యర్థమూ పెరుగుతుంది. మూత్రపిండాలు బాగానే ఉన్నా సూత్రం మాత్రం వాటిని తప్పుపడుతుంది. ఆరోగ్యవంతుల్లో మామూలు మోతాదు మూత్రపిండాలకు హాని చేసిన దాఖలా లేదని అన్నిచోట్లా రాసి ఉంది. లెక్క నాకు అర్థమైంది. అర్థమైతే నిద్ర పడుతుందనేది అబద్ధం. 'ఆరోగ్యవంతుల్లో' అన్న మాట దగ్గరే ఆగిపోయేదాన్ని: నేను ఆరోగ్యవంతురాలినో కాదో చెప్పాల్సింది ఆ రిపోర్టే కదా.

మర్నాడు ఉదయం అత్తయ్యగారు పాత ఫైలు ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. మామగారి జబ్బు నాటి నుంచి ఇంట్లో ఎవరి కాగితమైనా ఆవిడ పారేయరు. 2023 డిసెంబరులో కాలేజీ వైద్య శిబిరంలో తీసిన నా రిపోర్టు అందులో ఉంది, క్రియాటినిన్ 0.84. ఆ కాగితం ఎంత విలువైందో తర్వాత డాక్టరు గారు చెబితే తెలిసింది.

అక్టోబరు 23న బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: దరఖాస్తు పెండింగులో పెట్టాం, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) అభిప్రాయం, తాజా క్రియాటినిన్ పంపండి. కొత్తపేటలో ఒక నెఫ్రాలజిస్టు గారి దగ్గర 28వ తేదీకి సమయం దొరికింది. ఆ రోజే మొంథా తుపాను. కాలేజీలకు సెలవులు, కరెంటు లేదు, ఆసుపత్రి వాళ్లే ఫోను చేసి రావద్దన్నారు. మళ్లీ నవంబరు 1 శనివారం ఇచ్చారు. శంకర్‌విలాస్ వంతెన పనుల వల్ల పట్టాభిపురం నుంచి కొత్తపేట వెళ్లడం ఒక యాత్ర. మూడు వంతెనల కింద నీళ్లున్నాయేమోనని ఒకరు, లేవని ఒకరు. చుట్టూ తిరిగి పదిన్నరకు చేరాం. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది చేతికి డయాలసిస్ కోసం చేసే ఫిస్టులా ఉబ్బు కనిపిస్తూనే ఉంది. మా వారు ఆ రెండున్నర గంటలూ కిటికీ వైపే చూశారు.

నేను సంచిలో డబ్బా పట్టుకెళ్లాను. డాక్టరు గారు రిపోర్టు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "నొప్పి మాత్రలు వాడుతున్నారా అమ్మా?" నిరుడు చలికాలంలో మోకాళ్లకు కొన్నాళ్లు వేసుకున్నాను, ఇప్పుడు లేదు. రెండో ప్రశ్న: నాటుమందులు, భస్మాలు ఏవైనా? లేవు. బీపీ, షుగరు? లేవు. అప్పుడు డబ్బా బయటపెట్టాను. లేబుల్ అంతా చదివి, ఇందులో క్రియాటిన్ తప్ప వేరే ఏమీ కలపలేదు, అది నయం అన్నారు. వ్యాయామానికి ముందు తాగే రంగురంగుల మిశ్రమాలైతే ఏది ఏం చేసిందో తేల్చడం కష్టమట.

నేను రాత్రి చదివిందంతా చెప్పబోయాను. ఆయన ఆపలేదు, విన్నారు. విని, "మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. అలాగని పొడి మీదకు తోసేసి పంపిస్తే, వెనక నిజంగా జబ్బుంటే ఆరు నెలలు పోతాయి" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. ఈ విషయంలో నేను కలిసిన వాళ్లందరూ అటో ఇటో ముందే తేల్చేసుకున్నవాళ్లే. కోచ్ గారు రిపోర్టు చూడకుండానే ఏమీ కాదన్నారు, మా ఆడపడుచు రిపోర్టు చూడకుండానే కిడ్నీలు పోయాయంది.

ఆయన మూడు పరీక్షలు రాశారు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను పోతోందేమో చూడడం, 450 రూపాయలు. అది ముప్పై లోపు ఉండాలి, నాకు 9 వచ్చింది. స్కానింగ్ వెయ్యి రూపాయలు. రెండు మూత్రపిండాలూ మామూలు పరిమాణంలోనే ఉన్నాయి. మూడోది సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష, 1,400. మూత్రపిండాల పనితీరునే చెబుతుంది కానీ కండరంతో, క్రియాటిన్‌తో దానికి పెద్దగా సంబంధం లేదు. ఇక్కడ చేయరు, నమూనా హైదరాబాదు పంపాలి. నాలుగో తేదీ సాయంత్రం ఫలితం వచ్చింది: 0.82, దాని ప్రకారం కట్టిన ఈజీఎఫ్‌ఆర్ వంద దగ్గర. మా వారు రిపోర్టు ఫోనులో పెద్దది చేసి అత్తయ్యగారికి చూపించారు. ఆవిడ చదివి "సరే" అని పొయ్యి మీద పాలు చూడడానికి వెళ్లారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం పెందలాడే పడుకున్నాం.

ఇంతటితో అయిపోతుందనుకున్నాను. బీమా కంపెనీకి సిస్టాటిన్ అక్కర్లేదట. వాళ్ల పట్టికలో ఉన్నది క్రియాటినిన్ ఒక్కటే, అది పరిమితిలోకి రావాలి. కాబట్టి ఎదురుచూడక తప్పలేదు. డాక్టరు గారు చెప్పినట్టు మొత్తం నెల రోజులకు పైగా పొడి లేకుండా గడిపాను. బరువులు ఎత్తినా, నీళ్లు మానినా ఆ అంకె పెరగొచ్చు, పరీక్షకు ముందు మూడు రోజులు బరువులు ముట్టుకోవద్దు, నీళ్లు మానొద్దు అన్నారు. పరీక్ష నవంబరు 18 మంగళవారం, ముందు రోజు చివరి కార్తీక సోమవారం. ఏటా నక్షత్ర దర్శనం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టను. ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే అత్తయ్యగారే "శివుడు ఎక్కడికీ పోడు, నీళ్లు తాగు" అని చెంబు తెచ్చిచ్చారు.

పొడి మానేసిన ఆ రోజుల్లో గమనించినవి: బరువు ముప్పావు కిలో తగ్గింది. 52.5 కిలోలు అయిదుసార్లు ఎత్తేది నాలుగుకు వచ్చింది, దాని కంటే దిగలేదు. జాకెట్లు మళ్లీ వదులేమీ కాలేదు. కొట్టు కుర్రాడు చెప్పినట్టు మానేస్తే అంతా కరిగిపోవడం అబద్ధం.

18వ తేదీ క్రియాటినిన్ 0.88, ఈజీఎఫ్‌ఆర్ 83. పరీక్ష రెండు వందలు. 22న కాగితాలన్నీ పంపాను. డిసెంబరు 1న కంపెనీ మళ్లీ రాసింది: మొదటిసారి ఎందుకు పెరిగిందో కారణం తెలుపుతూ డాక్టరు లేఖ కావాలి. మళ్లీ కొత్తపేట, మళ్లీ ఆరు వందల ఫీజు. పాత చీటీ పది రోజుల వరకే చెల్లుతుందట. లేఖలో ఆయన నాలుగు వాక్యాలు రాశారు. అందులో 2023 నాటి 0.84 ప్రస్తావన ఒకటి. ఆ పాత అంకె లేకపోతే నాకు మామూలుగా ఎంత ఉంటుందో చెప్పడానికి ఇంకో మూడు నెలలు గమనించాల్సి వచ్చేదన్నారు. డిసెంబరు 11న పాలసీ మంజూరైంది, ప్రీమియం పెంచలేదు.

లెక్క రాసే అలవాటు కాబట్టి రాస్తున్నాను. మూడు డబ్బాల పొడికి 2,250. అందులో మూడోది ఇంకా కొంత ఉంది. రెండుసార్లు డాక్టరు ఫీజు, నాలుగు పరీక్షలు కలిపి 4,250. పొడి అంత చవక అని ఇప్పుడు ఎవరైనా అంటే ఈ రెండో పద్దు కూడా చూపిస్తున్నాను. ఆటోలు, తుపాను రోజు పోయిన సెలవు లెక్కలో లేవు.

లేఖ తీసుకున్న రోజే అడిగాను, మళ్లీ వాడొచ్చా అని. ఈ ఫలితాలతో అభ్యంతరం లేదు, మీ బరువుకు మూడు గ్రాములు చాలు, మూడు నెలలకు ఒకసారి చూద్దాం అన్నారు. ఏ పరీక్షకు వెళ్లినా రక్తం తీసేవాళ్లకూ రిపోర్టు చదివే డాక్టరుకూ క్రియాటిన్ వాడుతున్నట్టు చెప్పమన్నారు. అత్తయ్యగారూ వాడొచ్చా అని మా వారు అడిగారు, నేను ఆశ్చర్యపోయాను. ఆవిడకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, వద్దన్నారు. బదులుగా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయమన్నారు. ఆవిడ సీరియల్ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేస్తున్నారు.

డిసెంబరు 15 నుంచి మళ్లీ మొదలుపెట్టాను. వానాకాలం అటక మీద ఉండి పొడి గడ్డకట్టింది, చెంచాతో పొడిచి వాడుతున్నాను, ఇబ్బందేమీ లేదు. సంక్రాంతి నాటికి 55 కిలోలు అయిదుసార్లు లేచింది. అంత మాత్రానికి ఇన్ని తిప్పలు అవసరమా అని మా ఆడపడుచు అడిగింది. ఆ రెండున్నర కిలోలు నావి అన్నాను. కాలేజీ కుర్రాళ్లు అడిగితే మాత్రం రోజూ ఏం తింటున్నారో మూడు రోజులు రాసుకురమ్మంటున్నాను. ఇప్పటిదాకా ఒక్కడూ రాసి తేలేదు.

తర్వాతి క్రియాటినిన్ పరీక్ష మార్చి రెండో వారంలో. అంతకు ముందు మూడు రోజులు జిమ్‌కు వెళ్లను. ఆ రిపోర్టు మాత్రం బీమా వాళ్లకు పంపక్కర్లేదు.